మూడో చరుపు

విదియ, ఆటు వేళ

నా పేరు సూరాడ ఎల్లయ్యమ్మ. వయసు డెబ్బై ఎనిమిది దాటింది. ఎంత దాటిందో చెప్పగలిగిన వాళ్ళు పాత ఊరితో పాటే నీళ్ళ కింద ఉన్నారు. కాపురం ఎత్తురేవు, కింది అంతస్తు, ఉప్పుగాలి కొట్టే వరస. ఇంట్లో నేనూ, చచ్చిపోయిన నా కొడుకు కూతురు లిఖితా, ఒంటికన్ను పిల్లీ ఉంటాం. నాకు చదువు లేదు. నా పని రేవులో చేపల పాట పెట్టడం. పడవ నుంచి దిగిన తట్టకి ధర పిలిచి, హెచ్చుగా పాడినవాడికి అప్పగిస్తాను.

రేవు తీర్పుల మీద పెద్ద తీర్పు చెప్పే పై కొలువు వారికి చేరవలసిన ఈ మాటల్ని మా వరసలో చదువొచ్చిన బడే సత్యవతి చేత కాగితం మీద సిరాతో రాయిస్తున్నాను. రేవులో వేలాలు విని నమోదు చేసే స్తంభానికి చెప్పుకుంటే అదే రాసుకుంటుంది కదా, నాకెందుకీ చెయ్యినొప్పి అని సత్యవతి అడిగింది. స్తంభానికి చెవి ఉంది. చెవి ఉన్న యంత్రానికి నేనింక ఒక్క మాట చెప్పను. ఎందుకో చెబుతాను.

నేనూ, లిఖితా, మరలు బాగుచేసే మైలపిల్లి ధనరాజూ కలిసి ఒక ర్యాప్ జట్టు. పేరు నెత్తళ్ళు. ధర పలకని చిన్న చేపలు, గుంపుగా తప్ప తిరగవు. ముసలిదానికి ర్యాప్ ఏమిటని నవ్వేవాళ్ళు నవ్వండి. ఊపిరి తీసుకోకుండా తిట్టడం, తిట్టు తిట్టుకీ తాళం తప్పకపోవడం, ర్యాప్ అంటే ఇంతే. ఆ పని రేవులో నేను అరవై ఏళ్ళుగా చేస్తున్నాను.

మధ్యాహ్నం బయట మనిషి నిలవలేని వేళలో ఇంటికి ఇన్ని గంటలని చలువ గది ఇస్తారు. ఇక్కడ బియ్యమైనా, వలైనా, పడవైనా చలువ గంటల్లోనే బేరం. మిగతావాళ్ళు తమ వాటా చలువలో పడుకుంటారు. మేం పాడుకున్నాం. ఆ గది గోడలు మందం, బయటి చప్పుడు లోపలికి రాదు. మంచు మర ఆగినప్పుడే పాడాలి, లేకపోతే దాని గొణుగుడు పాటలో పడుతుంది. మర ఎప్పుడు ఆగుతుందో దాని దగ్గును బట్టి ధనరాజు చెప్పేవాడు. మైకు చచ్చిన ఫోనులోంచి పీకింది. ఊపిరి కొట్టకుండా దానికి లిఖిత తన మేజోడు తొడిగింది. డప్పు కొనే స్తోమత ఎవరికీ లేదు.

"మామ్మా, పాట ముగించినప్పుడు తట్ట మీద ఒకటి సరుస్తావు కదా, అది కొట్టు ఓపాలి. డప్పు కంటే బాగుంటాది," అన్నాడు ధనరాజు.

ఈ చరుపు సంగతి పై కొలువు వారికి తెలియదు కాబట్టి చెప్పాలి. మా రేవులో మూడు అనే మాట నోటితో అనం. మూడోసారి అంటే పడవకి మూడుతుందని మా అత్తల కాలం నుంచీ భయం. ఒకటోసారి అంటాం, రెండోసారి అంటాం, మూడోదానికి తట్టని అరచేత్తో చరుస్తాం. చరిచామంటే సరుకు అమ్ముడైనట్టే. రేవు స్తంభానికి కూడా ఈ ఆనవాయితీ నేర్పించే పాతారు.

నేను చరిచాను. ధనరాజు దాన్ని పాట పొడుగునా వాడాడు. లిఖిత తిట్టవలసినవన్నీ తిట్టాక నా వంతు వస్తుంది:

ఏటిస్తారు బాబూ, ఏటిస్తారు,
పిల్ల గొంతుకి ఏటిస్తారు,
కోసింది కాదు, కుళ్ళింది కాదు,
కూతకొచ్చింది, ఏటిస్తారు,
ఒకటోసారి, రెండోసారి...

ఆ పైన చరుపు. ఎవరూ చెవిన పెట్టని పిల్ల తన గొంతుని తానే వేలం వేసుకుంటుందన్నమాట. ఎగతాళి అది. ఎవరికైనా తెలుస్తుంది.

అమావాస్య పోటుకి పడవలన్నీ వచ్చి రేవు నిండుగా ఉంది. పగిలిన పడవ కూత కొమ్ముకి తీగలు తగిలించి మొదటిసారి జనానికి వినిపించాం. జనం జవాబు చెబుతారని ఏటిస్తారు అన్న చోటల్లా ధనరాజు ఖాళీ వదిలాడు. ఆ ఖాళీలో జనం కంటే ముందు కొంగ పలికింది.

కొంగ అంటే పిట్ట కాదు. బయటి సంస్థల తరఫున చేపలు కొనడానికి రేవు చివర ఒంటికాలి మీద నిలబెట్టిన యంత్రం. "వంద చలువ గంటలు," అంది కొంగ. జనం పడీపడీ నవ్వారు. అదీ పాటలో భాగమే అనుకున్నారు. పాట అయిపోగానే కుర్రకారు ఈలలు వేసి, "ఇంకో పాట, ఇంకో పాట," అని అరిచారు. పాట అంటే కొంగకి ఒకటే అర్థం. తన మీద తానే హెచ్చు పాడింది. మళ్ళీ నవ్వులు. మళ్ళీ "ఇంకో పాట". ధనరాజు సంబరంతో అదే పాట మళ్ళీ పెట్టాడు. ఒకటోసారి, రెండోసారి, చరుపు.

జనం ఇళ్ళకి పోయాక స్తంభం చీటీ కక్కింది. లిఖిత చదివి వినిపించింది. "గొంతు ఒకటి. యజమాని సూరాడ లిఖిత. హెచ్చుపాటదారు అలవాణి సంస్థ. పాట ఖరారు. పున్నమి పోటుకి ఎత్తుబడి."



చవితి, పోటు వేళ

రేవు తీర్పరి కుముదిని గారి ముందు నిలబడ్డాం. అలవాణి తరఫున హరనాథ్ అనే మనిషి వచ్చాడు. మడత నలగని చొక్కా, చెమట పట్టని ముఖం. చలువ మోసుకు తిరిగేవాళ్ళు అలాగే ఉంటారు.

ఆవిడ మర్యాదస్తురాలు. నాకు కుర్చీ వేయించింది.

"అమావాస్య నాడు రేవులో పాట పెట్టింది ఎవరమ్మా?"

"మేమే పెట్టాం. దొంగసాటుగా పెట్టామేటి?"

"అది మీ సమ్మతితోనే జరిగిందా?"

"నా పాటకి నా సమ్మతి కాక ఎవులిది కావాలి?"

"చివరి చరుపు మీదేనా?"

"ఈ సెయ్యిదే," అని చెయ్యెత్తి చూపించాను.

లిఖిత నా చీర కుచ్చెళ్ళు పట్టుకుని లాగుతోంది. నా పాట నాది కాదంటారేమో, ఎవరిదో ఎత్తుకొచ్చి పెట్టామంటారేమో అని నేను గట్టిగా చెబుతున్నాను. నా ప్రతి మాటా హరనాథ్ వైపు వెళ్ళి కూర్చుంటోందని తెలిసేసరికి ఆవిడ కలం మూత పెట్టేసింది.

"అది వేలం కాదమ్మా, పాట," అన్నాను.

"వేలాన్నీ పాటే అంటారు కదా."

"పాడుకున్న పాట తల్లీ. మనిషి మొకం సూత్తే తెలవదా ఏ పాటో."

"స్తంభానికి ముఖాలు కనపడవమ్మా. దానికి ఒక్క చెవే ఉంది."

నిలవ చేసిన గొంతుతో వేలం ఏమిటని ధనరాజు అడిగాడు. సగం పడవలు నిలవ గొంతుతోనే సరుకు అమ్ముతున్నాయని హరనాథ్ అన్నాడు. అది నిజమే. గొంతు సరుకా అని లిఖిత అడిగింది. సరుకుల జాబితాలో ఉందని కుముదిని గారు చూపించింది, మంచు తరవాత, చేపల ముందు.

పున్నమి లోపు పై కొలువుకి రాసుకోమని కుముదిని గారు చెప్పింది. విదియ నాడే మొదలుపెట్టాను. రాయిస్తున్నాను.

సప్తమి, ఆటు వేళ

ఎత్తుబడి అంటే ఏమిటో నిన్నటి దాకా నాకు సరిగ్గా తెలియదు. తట్టలో ఉన్నదాన్ని ఎత్తుకుపోతారు, గొంతుని ఎలా ఎత్తుకుపోతారు అనుకున్నాను.

పొద్దున నీళ్ళకి వెళ్ళాను. నిండిన బిందె చంకకెత్తుకోగానే కుళాయి మాట్లాడింది. "నీళ్ళు పట్టుకున్నాక దయచేసి కట్టేయండి, అమ్మా."

బిందె చంకలోంచి జారిపోయింది. అది లిఖిత గొంతు. నూటికి నూరు పాళ్ళూ లిఖిత గొంతు. మా పిల్ల జన్మలో దయచేసి అనలేదు. ఆ ఒక్క తేడా తప్ప అదే జీర, అదే సాగదీత. వరసలో నిలబడ్డ ఆడవాళ్ళు నా ముఖం చూడకుండా బిందెలు చూసుకున్నారు.

కొన్న సరుకుని ఎత్తుబడికి ముందు రుచి చూసే హక్కు ఉందట. వాళ్ళు రుచి చూస్తున్నారు.

మధ్యాహ్నం చలువ గది తలుపు దగ్గర లిఖిత ఎప్పటిలా తన పేరు చెప్పింది. ఈ గొంతు వేరొకరి పేర నమోదు కాబోతోంది, వేరే ఆనవాలు చూపమని తలుపు చెప్పింది. నా వెనకాల నక్కి లోపలికి వచ్చింది, తన చలువలోకి తాను దొంగలా. పున్నమి దాటితే ఏ తలుపూ ఆ పిల్ల మాట వినదు. తన గొంతు బయటికి రాకుండా మెడకి పట్టీ కడతారు. ఆ పట్టీ లోంచి ఎవరిదో అరువు గొంతు వస్తుంది. దానిది మాత్రం కుళాయిల్లో, పడవల్లో, అంగళ్ళలో అందరికీ దయచేసి అని చెప్పుకుంటూ తిరుగుతుంది.

అప్పటి నుంచి లిఖిత మాట్లాడటం మానేసింది. మాట్లాడే ప్రతి మాటా వాళ్ళకి ఇంకొంచెం సరుకు అవుతుందని దాని భయం. గిన్నె కావాలంటే గిన్నె చూపిస్తుంది. తిట్టాలంటే కళ్ళతో తిడుతుంది. ఇల్లు ఇంత నిశ్శబ్దంగా ఉంటే పిల్లి కూడా బయటే తిరుగుతోంది.

ధనరాజు గుమ్మం అవతల కూర్చుని లోపలికి రాడు.

"ఆ సరుపు ఎట్టమన్నది నేనే కదా మామ్మా."

"సరిసింది నేను. లోనికొచ్చి గంజి తాగు. సచ్చినోడి మొకం ఎట్టుకు కూకోకు."

దశమి, పోటు వేళ

హరనాథ్ ఇంటికి వచ్చాడు. పిల్లి అతని బూటు మీద కూర్చుంది.

"మామ్మగారూ, మీ అమ్మాయికి అన్యాయం చెయ్యం. పట్టీలో ఏ గొంతు కావాలంటే ఆ గొంతు పెడతాం. ఇంతకంటే తియ్యటివి ఉన్నాయి మా దగ్గర."

"మీ అమ్మకి కూడా ఇంతకంటే మంచి కొడుకులు దొరుకుతారు బాబూ. మార్పించీమంటావా?"

నవ్వాడు. కోపం తెచ్చుకోకుండా ఉండటానికి జీతం ఇస్తారు కాబోలు.

"అసలు ఈ గొంతే ఎందుకు మీకు? ఊరి నిండా గొంతులున్నాయి."

"మా దగ్గరున్న గొంతులన్నీ మెత్తనివండీ. జనం వినడం మానేశారు. ఇది గీసుకుపోతుంది. వినక తప్పదు."

ఆ మాట విని లిఖిత లేచి వెళ్ళి గోడ వైపు తిరిగి నిలబడింది. ఎవరూ చెవిన పెట్టరని ఏడ్చి పాట కట్టుకున్న పిల్ల. దాన్ని మొదట చెవిన పెట్టినవాడు వీడు.

త్రయోదశి, ఆటు వేళ

పై కొలువు నుంచి జవాబు లేదు. మొదటి కాగితాలు పట్టుకెళ్ళిన పడవ చేరిందో లేదో కూడా తెలియదు.

ఈ పూట చలువ గదిలో ముగ్గురం ఊరికే కూర్చున్నాం. ధనరాజు పాటని మళ్ళీ మళ్ళీ వేస్తున్నాడు, పుండు గోక్కున్నట్టు. ఒకసారి చరుపు రాకముందే ఆపేశాడు. రెండోసారి అన్న నా గొంతు గాలిలో వేలాడింది. మాకు ముగ్గురికీ భుజాలు బిగుసుకున్నాయి.

"సూసేవా మామ్మా," అన్నాడు. "బీటు పడితేనే పాట అయినట్టు. పడకపోతే ఒళ్ళంతా దానికోసమే సూత్తాది. అవ్వదు, పోదు."

"అవ్వకపోతే?"

"అవ్వకపోతే ఎత్తుబడి ఉంటాదా?"

ఎత్తుబడి అయ్యేలోపు ఎవరైనా పై పాట, అంటే ఇంకా హెచ్చు ధర, పాడితే వేలం మళ్ళీ తెరుచుకోవడం రేవులో ఉన్నదే. అందరం మరిచిపోయాం, ఎందుకంటే కొంగ మీద పై పాట పాడేంత చలువ ఎవరి దగ్గరుంది. నేను మైలపిల్లి కాసులమ్మ ఇంటికి వెళ్ళాను. ధనరాజు మేనత్త. నాలుగు పడవల యజమానురాలు. నాతో పదేళ్ళుగా మాటల్లేవు, ఒక వంజరం తట్ట దగ్గర తగువొచ్చి.

చెప్పిందంతా వింది. "నీ పిల్ల కోసం నా ఇంటి సలువంతా ఒడ్డమంటావు."

"ఒడ్డమనే."

"కొంగ నా మీద పాడకపోతే? సలువంతా పోయి, ఆ గొంతు నా మెళ్ళో పడితే?"

"నీ గొంతు కంటే బాగుంటాది."

లేచి కొంగు బిగించింది. తరవాత వరసలోని ఆడవాళ్ళందరినీ పిలిపించింది.

పున్నమి, పోటు వేళ

ఇది సత్యవతి రేవులోనే, స్తంభం కిందనే బల్ల వేసుకుని రాస్తోంది. నా వంతు కానప్పుడు వచ్చి చెబుతున్నాను.

పోటు ఎక్కేవేళకి హరనాథ్ పట్టీ పెట్టెతో వచ్చాడు. కుముదిని గారు కుర్చీలో కూర్చుంది. నేను ఖాళీ తట్ట బోర్లించి దాని ముందు నిలబడ్డాను. కాసులమ్మ ముందుకి వచ్చి, వరస మొత్తం చలువ కలిపి పై పాట పాడింది.  కొంగ మెడ తిప్పి ఆమె మీద హెచ్చు పాడింది. వరస చలువ వరసకే మిగిలింది.

నేను అందుకున్నాను. ఒకటోసారి. రెండోసారి. అక్కడ ఆగకుండా మళ్ళీ మొదటికి వెళ్ళాను. ఏటిస్తారు బాబూ, ఏటిస్తారు. మళ్ళీ ఒకటోసారి. మళ్ళీ రెండోసారి. చెయ్యి నడుము మీదే ఉంచాను.

హరనాథ్‌కి అర్థం కావడానికి కొంత పట్టింది. "మేడం, ఆవిడ ముగించడం లేదు."

కుముదిని గారు నిబంధన తీసి చదివింది. ఆవిడ మాకు సాయం చేయలేదు, అడ్డమూ పడలేదు. ఉన్నది చదివింది. "పాట నడుస్తుండగా ఎత్తుబడి లేదు. ఈ రేవులో పేరున్న ఏ గొంతైనా పాట పెట్టవచ్చు. మళ్ళీ తెరుచుకున్న పాట కొత్త పాట కిందే లెక్క. నిలవ గొంతుతో మొదలుపెట్టింది నిలవ గొంతుతో, మనిషి మొదలుపెట్టింది మనిషే నడపాలి. పిలిచే గొంతు ఒక్క ఊపిరికి మించి ఆగితే చివరి పాట ఖరారు."

హరనాథ్ పెట్టె కింద పెట్టి దాని మీద కూర్చున్నాడు. ముసలిది ఎంతసేపు అరుస్తుందిలే అన్నట్టు.

ఎంతసేపో అరిచాను. పిలిచిన ధరలే పిలిచి, మునిగిన ఊళ్ళ పేర్లన్నీ పాటలోకి లాగి, హరనాథ్ చొక్కాని, వాడి బూట్లని, వాడి తియ్యటి గొంతుల్ని తాళం తప్పకుండా తిట్టాను. ధనరాజు నోటితోనే దరువు వేస్తున్నాడు. తట్ట జోలికి ఎవరూ పోలేదు. గొంతులో ఉప్పు పేరుకుంటోంది. రెండోసారి అనబోయాను. రెండో అన్నాను, సారి రాలేదు. దగ్గు వచ్చింది.

కొంగ మెడ సాచింది. హరనాథ్ లేచి నిలబడ్డాడు. దగ్గు తెగడం లేదు. నా ఊపిరి నా చేతుల్లో లేదు.

"సారి కాదురా కొంగా, సారె," అంది లిఖిత.

ఎనిమిది రోజుల తరవాత దాని నోట్లోంచి వచ్చిన మొదటి మాట.

సారె కాదు చీరె కాదు, సంతలోని సరుకు కాదు,
గుప్పెడుప్పులో ఎండి కూడా గుడ్లు మూసిన చేప కాదు,
దయచేసంటూ కుళాయి కింద నిలబడే నా గొంతు కాదు,
ఏటిస్తావో చెప్పు ముందు, ఇచ్చేదేదీ చాలదు చాలదు.

ఒకటోసారి అంది. రెండోసారి అంది. మళ్ళీ మొదటికి వెళ్ళింది.

హరనాథ్ ఆ గొంతు చెల్లదన్నాడు. ఎత్తుబడి కాలేదు కాబట్టి గొంతు ఇంకా అమ్మాయిదే అని కుముదిని గారు అంది. అలా అన్నప్పుడు ఆవిడ కాలు తాళం వేస్తోంది. ఇది రాయొద్దని సత్యవతి అంటోంది. రాయమన్నాను.

తరవాత కాసులమ్మ అందుకుంది. దానికి తాళం లేదు, గొంతు లేదు, అయినా అందుకుంది. తరవాత కాసులమ్మ కోడలు. ఇప్పటిదాకా ఏ పాటా పాడని ఆడవాళ్ళు వరస కట్టి నిలబడ్డారు, కుళాయి దగ్గర నిలబడ్డట్టే.

పాడ్యమి, ఆటు వేళ

ఇంకా నడుస్తోంది.

ఒకరు గంజి తాగుతుంటే ఒకరు పాడుతున్నారు. చలువ వేళకి కూడా రేవు వదల్లేదు. తడిగుడ్డలు కప్పుకుని ఎండలోనే పాడారు. ఇద్దరు సొమ్మసిల్లారు. నా గొంతు ఇప్పుడు గుసగుస మాత్రమే, సత్యవతి చెవి నా నోటికి ఆనించి రాస్తోంది.

కుర్రకారుకి ఆట దొరికింది. ప్రతి విడతకీ "ఇంకో పాట" అని అరుస్తారు. కొంగ ప్రతిసారీ తన మీద తానే హెచ్చు పాడుతుంది. దాని పాట ఇప్పుడు ఈ తీరంలోని మంచు మొత్తాన్నీ దాటిపోయిందట. హరనాథ్ చొక్కా చెమటకి ఒంటికి అంటుకుపోయింది.

"మామ్మగారూ, ఆ మాట అనొద్దని వాళ్ళకి చెప్పండి."

"నీ కొంగని తగ్గమను."

"పాడిన పాట వెనక్కి తీసుకుంటే ఈ తీరంలో ఇంకెక్కడా మమ్మల్ని కొననివ్వరు."

"అయితే నిలబడు."

నిలబడ్డాడు. సత్యవతి పక్కన కొంచెం నీడ ఉంటే చూపించాను. పగవాడైనా ఎండకి చావకూడదు.

పై కొలువు వారూ, నేను అడిగేది ఇది. పాట అన్న మాటకి రెండు అర్థాలున్నాయని ఒప్పుకోండి. పాడుకునేది వేరు, అమ్ముకునేది వేరు అని తీర్పు రాయండి. ఆ తీర్పు వచ్చేదాకా మేం ఆగం. మీరు ఆలస్యం చేసినకొద్దీ మా వరసలో గొంతులు తగ్గుతాయి. ఈ మాట చెబుతుండగా పాడుతున్నది లిఖిత, మూడో విడత. మూడు అనేశాను, చెంపలేసుకున్నాను, చప్పుడు లేకుండా. ఆ పిల్ల గొంతులో జీర పెరిగింది. వినడానికి వస్తే త్వరగా రండి.

చదువు లేనిదాన్ని కాబట్టి నా గుర్తుగా అరచెయ్యి వేస్తున్నాను. రేవులో అరచేతి గుర్తు వేసేటప్పుడు బల్ల మీద టప్పున చరుస్తాం. సత్యవతి బల్ల స్తంభం కిందనే ఉంది. చెవి తెరుచుకునే ఉంది. అందుకని బల్ల మీద తడిగుడ్డ పరిపించి, దాని మీద కాగితం పెట్టించాను. సిరా పూసిన చెయ్యిని ఒక్కొక్క వేలూ ఆనిస్తూ, నిద్రపోయే పసిబిడ్డని పక్క మీద పడుకోబెట్టినట్టు దించుతున్నాను.

సూరాడ ఎల్లయ్యమ్మ, కుడి అరచెయ్యి. చప్పుడు కాలేదు.

సాక్షులు: మైలపిల్లి ధనరాజు, సంతకం. మైలపిల్లి కాసులమ్మ, వేలిముద్ర, పాడుతూ వేసింది.

రాసినది: బడే సత్యవతి. తరవాతి విడత నాది.